పఠన మందిరంలో అచ్చుచిత్రాలు: తెనాలి ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

సమకాలీన చిత్రకళను తెనాలిలోని మామూలు పాఠకుల కళ్లెదుట ఉంచాలన్నది మా ప్రాజెక్టు ఉద్దేశం. అందుకు ఒక శాఖా గ్రంథాలయపు పఠన మందిరాన్ని చోటుగానూ, అచ్చుచిత్రాన్ని ప్రక్రియగానూ ఎంచుకున్నాం. లినోకట్ (లినోలియం పలకను చెక్కడం), ఉడ్‌కట్ (కర్ర దిమ్మను చెక్కడం), ఎచింగ్ (లోహపు రేకు మీద ఆసిడ్‌తో గీతలు తినిపించడం), కొలాగ్రాఫ్ (అట్ట మీద రకరకాల పదార్థాలు అంటించి ముద్ర తీయడం) వంటి పద్ధతులలో కళాకారులే స్వయంగా దిమ్మనో రేకునో సిద్ధం చేసుకుని, సిరా పూసి, కాగితం మీదికి తీసిన చిత్రాలు ఇవి. విశాఖపట్నంలోనూ హైదరాబాద్‌లోనూ ప్రింట్‌మేకింగ్ చదువుకుని, ఇప్పుడు సొంతంగా పని చేసుకుంటున్న యువ కళాకారులు కొందరు తమ చిత్రాలను ఏడాదిపాటు మా చేతికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. గోడలు చూసుకోవడం, పటాలు కట్టించడం, పక్కన పెట్టే వివరణలు రాయడం, చూడవచ్చినవారితో మాట్లాడి ఈ డైరీలో నమోదు చేయడం నా వంతు.

సమకాలీన కళ సామాన్యులకు అర్థం కాదన్న మాటను నేను అంగీకరించను. అర్థం చేసుకునే అవకాశం వారికి ఏపాటి దొరికిందన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న. తెనాలిలో ఉండే ఒక దర్జీ గానీ, మందుల దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి గానీ ఈనాటి చిత్రకారుల పనిని అసలు రూపంలో విరివిగా చూడాలంటే, ఒక రోజు సంపాదన వదులుకుని, రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ దాకానో, బంజారాహిల్స్‌లోని ఏదో ఒక గ్యాలరీ దాకానో చేరుకోవాలి. అంత దూరం వెళ్లినవారు కూడా ఒక్కొక్క చిత్రం ముందు కాసేపు నిలబడి తిరిగి రావలసిందే. కొత్త రాగం పదిసార్లు చెవిన పడితేగానీ మనసుకు పట్టనట్టే, కొత్త చిత్రమూ పదిసార్లు కంట పడాలి. ఒకే చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూసే వీలు ఎంతమందికి కలిగిందన్నదే ఈ పని మొత్తానికి మేము పెట్టుకున్న కొలబద్ద.

పఠన మందిరాన్ని ఎంచుకున్నదీ అందుకే. పత్రికల కోసం వచ్చే రిటైరైన ఉద్యోగులు, పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులు దాదాపు ప్రతిరోజూ అదే కుర్చీలో, అదే గోడకు ఎదురుగా కూర్చుంటారు. పైగా ఈ గది వారి సొత్తు, ఎందుకంటే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నది వారి కుటుంబాలే. జనం దగ్గరికి వెళ్లే ఆనవాయితీ ఈ ప్రాంతానికి కొత్తదీ కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు తెనాలి పక్కనున్న పెదపాలెం నుంచి పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంబడి ఊళ్లకు పంపించారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని రేవుకు వెళ్లాలని ఆనాటివారు అనుకోబట్టే, ఈనాడు మేము ఒక గ్రంథాలయాన్ని ఈ పని కోసం ధైర్యంగా అడగగలిగాం.

జూన్, చివరి వారం

చిత్రాల ఎంపిక పూర్తయింది. ఎంపిక జరుగుతున్నప్పుడు మా మధ్య వచ్చిన చర్చను ఇక్కడ రాసిపెట్టడం అవసరం అనిపిస్తున్నది.

చిత్రాన్ని ముద్రించి ఇంటింటికీ చేర్చాలన్న ఆలోచన మన దేశంలో పాతదే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి ఓలియోగ్రాఫులు తీయించబట్టే లక్ష్మీ సరస్వతుల బొమ్మలు ఇన్ని ఇళ్ల గోడలకెక్కాయి. అయితే అవి తైలవర్ణ చిత్రాలకు నకళ్లు. అచ్చుచిత్రానికి వేరే మూలం ఉండదు, కాగితం మీద పడినదే అసలు చిత్రం, ఇరవై ప్రతులు తీస్తే ఇరవయ్యీ అసలువే. ఈ సుగుణాన్ని 1940లలో బెంగాల్‌లో చిత్తప్రసాద్ ఎంతో చక్కగా వాడుకున్నారు. లినోలియం చవక, చెక్కడం తేలిక, ప్రతులు కావలసినన్ని తీయవచ్చు కాబట్టి, కరువు గురించీ రైతుల గురించీ చెప్పదలచిన చిత్రకారునికి అది అనువైన సాధనమైంది. మన వైపు చూస్తే, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ బరోడాలో చదువుకుని, పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ ఎచింగ్ గీతలోకి తెచ్చిన తీరు తెలుగు కళాకారులకు ఒక పెద్ద దారి వేసింది. అదే బరోడాలో 1961లో మొదలైన ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్‌లో అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి బొమ్మలు, ఆటవస్తువులు తయారు చేసి మామూలు జనానికి అమ్మేవారు. ఆ అధ్యాపకులలో కె.జి. సుబ్రమణ్యన్ ఒకరు. అంతటి కళాకారుడు పిల్లల ఆటబొమ్మలు చేయడాన్ని తన కళకు తక్కువగా భావించలేదన్న సంగతిని నేను తరచూ తలచుకుంటాను.

చర్చ వచ్చింది ఎక్కడంటే, సులభంగా గుర్తుపట్టగల చిత్రాలనే తీసుకుందామన్నారు మాలో ఒకరు. ఎద్దులబండి, గుడి గోపురం, బిందె ఎత్తుకున్న స్త్రీ ఉంటే జనం ఇష్టపడతారన్నది వారి అభిప్రాయం. నేను ఒప్పుకోలేదు. జనానికి ఏది నచ్చుతుందో ముందే తేల్చేసి, అంతవరకే అందించడం వారి చూపును చిన్నచూపు చూడడమే అవుతుంది. చివరికి కలగలుపుగా తీసుకున్నాం. మిరపకాయల కోత నుంచి షేర్ ఆటోలో తిరిగివస్తున్న స్త్రీల మూడు రంగుల లినోకట్ ఉంది. సెల్ టవర్ మీద వాలిన కాకుల పెద్ద ఉడ్‌కట్ ఉంది. తల్లి చేతులనూ మాత్రల అట్టలనూ పక్కపక్కన చూపే ఎచింగ్‌లు కొన్ని, పిల్లలు వెళ్లిపోయిన తరగతి గదిని చూపే లినోకట్ ఒకటి ఉన్నాయి. వీటితోపాటు, పూర్తిగా నలుపుతో నిండి, అక్కడక్కడ తెల్లటి చుక్కలు మాత్రమే కనిపించే కొలాగ్రాఫ్ ఒకటి పట్టుబట్టి చేర్చాను.

జూలై, రెండో వారం

గోడల పని. గ్యాలరీలలో చిత్రం నడిమధ్యభాగం నేల నుంచి సుమారు 145 నుంచి 152 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా వేలాడదీయడం ఆనవాయితీ, ఎందుకంటే అక్కడ చూసేవారు నిలబడి చూస్తారు. పఠన మందిరంలో అందరూ కూర్చునే ఉంటారు కాబట్టి 125 సెంటీమీటర్లకు దించాం. చక్రాల కుర్చీలో వచ్చేవారికీ బడి పిల్లలకూ కూడా ఈ ఎత్తు సరిపోతుంది.

వెలుతురు అసలైన చిక్కు. కాగితం మీది చిత్రాలకు 50 లక్స్‌కు మించిన వెలుగు మంచిది కాదని మ్యూజియంల నియమం, చదువుకునే గదికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. పాఠకుల వెలుతురు తగ్గించే ప్రశ్నే లేదు. పడమటి కిటికీకి ఎదురుగా ఉన్న గోడను పూర్తిగా వదిలేశాం, ఎండ నేరుగా పడని గోడలనే వాడుకున్నాం, మూడు నెలలకొకసారి చిత్రాలను మార్చి పాతవాటిని చీకటి బీరువాలో విశ్రాంతిగా ఉంచాలని నిర్ణయించాం. నలుపు సిరా వెలుగును బాగానే తట్టుకుంటుంది, రంగుల చిత్రాల విషయంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. అద్దాలకు బదులు ఆక్రిలిక్ పలకలు వేయించాం, అవి తేలిక, పగిలినా గుచ్చుకోవు.

తాడు కట్టి దూరం పెట్టడం, తాకవద్దన్న బోర్డు పెట్టడం రెండూ వద్దనుకున్నాం.

జూలై, చివరి వారం

వివరణల గురించి. సామాన్యులకు కళను దూరం చేస్తున్న వాటిలో, ప్రవేశ రుసుము కన్నా, చిత్రం పక్కన అంటించే ఆ చిన్న కాగితానిదే పెద్ద పాత్ర అని నా నమ్మకం. దాన్ని పరీక్షించడానికి రెండు రకాల వివరణలు రాసి, వారం మార్చి వారం పెట్టి చూశాను. మొదటి రకంలో చిత్రం దేని గురించి, కళాకారుని భావన ఏమిటి, అది ఏ సామాజిక సందర్భంలోనిది అన్నవి ఉన్నాయి. రెండో రకంలో చిత్రం ఎలా తయారైందో మాత్రమే ఉంది: ఏ పదార్థం, ఏ పనిముట్టు, ఎన్నిసార్లు అచ్చు వేశారు, ఏ రంగు ముందు, ఏ రంగు తర్వాత, ఎన్ని రోజులు పట్టింది.

తేడా స్పష్టంగా కనిపించింది. మొదటి రకం చదివినవారు కాగితం చదివి, తల ఊపి, కుర్చీకి తిరిగి వెళ్లారు. రెండో రకం చదివినవారు మళ్లీ చిత్రం వైపు తిరిగి, చెప్పిన గుర్తుల కోసం దగ్గరగా వెతికారు. ఆకుపచ్చ మీద ఎరుపు పడిన చోట గోధుమ రంగు వచ్చిందని చదివితే, ఆ చోటు ఎక్కడుందో చూడకుండా ఎవరూ ఉండలేరు. అలా వెతుకుతున్నప్పుడే ఆటోలోని స్త్రీల ముఖాలు కూడా కనిపిస్తాయి. కాబట్టి వివరణ ముందుగా చేతి పనిని చెప్పాలి, ఆ తర్వాత కళాకారుడు ఏ ఊరివాడో, ఏమి చూసి ఈ చిత్రం వేశాడో ఒకటి రెండు వాక్యాలలో చెప్పాలి, అర్థం చెప్పే పని చూసేవారికి వదిలేయాలి అన్నది ఇప్పుడు మా నియమం. అక్షరం 24 పాయింట్లకు తగ్గకూడదు, అంతకన్నా చిన్నదైతే వత్తులూ గుణింతాలూ కలిసిపోయి పెద్దవారికి ఇబ్బంది అవుతుంది.

ధర కూడా రాశాను. కాగితానికెంత, సిరాకెంత, చెక్కినవారి రోజులకెంత అన్నది విడివిడిగా రాసి, కింద మొత్తం వేశాను. చాలా గ్యాలరీలలో ధర అడగడానికే మొహమాటపడవలసి వస్తుంది. కష్టానికి లెక్క తెలిసిన జనం ముందు కళాకారుని కష్టాన్ని దాచడం ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఆగస్టు, రెండో వారం

అందరూ అడుగుతున్న మొదటి ప్రశ్న: చిత్రం కింద పెన్సిల్‌తో రాసిన 3/20 వంటి అంకెలు ఏమిటని. మొత్తం ఇరవై ప్రతులు తీశారనీ, ఇది మూడోదనీ, ఇరవై పూర్తయ్యాక మళ్లీ అచ్చు వేయకుండా దిమ్మ మీద అడ్డంగా గీత గీసేస్తారనీ చెబుతున్నాను. బ్యాంకు పరీక్షలకు చదివే ఒక అబ్బాయి, "అయితే మూడోదానికీ ఇరవయ్యోదానికీ విలువ ఒకటేనా అండీ?" అని అడిగాడు. రాగి రేకు మీది సన్నని గీతలు ప్రతి ముద్రకూ కొంచెం అరుగుతాయి కాబట్టి అలాంటి చిత్రాలలో మొదటి ప్రతులకు ప్రత్యేకత ఉంటుందనీ, లినోలో అంత తేడా రాదనీ చెప్పాను. అతను లేచి వెళ్లి ఎచింగ్‌నూ లినోకట్‌నూ పక్కపక్కన చాలాసేపు చూశాడు.

ఈ వారంలో జరిగిన ముఖ్యమైన విషయం వేరే ఉంది. తెనాలి ఒకప్పుడు అచ్చాఫీసులకూ పుస్తక ప్రచురణకూ పేరుపడిన ఊరు. కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ అచ్చు మిషన్ల మీద పనిచేసి విరమించిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారిలో ఒకరు రోజూ పత్రిక చదవడానికి వస్తారు. కాకుల ఉడ్‌కట్ ముందు నిలబడి, కుడివైపు మూలను చూపించి, "ఇక్కడ సిరా మందంగా పడిందమ్మా, రోలరు రెండోసారి తిప్పుంటాడు" అన్నారు. తర్వాత ఎడమవైపు, కాగితం కింద అట్ట సర్ది ఒత్తిడి పెంచిన జాడ చూపించారు. ఈ రెండూ నేను గమనించనివి. కళాకారునికి ఫోన్ చేసి అడిగితే, రెండూ నిజమేనని ఆశ్చర్యపోయాడు.

"బాబాయి గారూ, ఆదివారం పూట వచ్చి పిల్లలకు ఈ సంగతులు చెబుతారా?" అని అడిగాను.

"చెప్పడం ఎందుకమ్మా, చేసే చూపిస్తా. మిషను ఎక్కించేముందు మేము తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి ప్రూఫు తీసేవాళ్లం. దీనికీ అదే సరిపోద్ది" అన్నారు.

చిత్రకళకు దూరంగా ఉన్నారని మనం అనుకునేవారి చేతుల్లోనే ఆ కళకు కావలసిన జ్ఞానం కొంత ఉన్నది. అచ్చాఫీసు మనిషికి సిరా తెలుసు, వడ్రంగికి కర్ర నరం తెలుసు, కంసాలికి రేకును ఆసిడ్ ఎలా తింటుందో తెలుసు. అచ్చుచిత్రం వీరందరి పనులకూ దగ్గరి చుట్టం కాబట్టి, ప్రదర్శనకు మార్గదర్శకులను బయటి నుంచి తెచ్చుకోనక్కరలేదని తేలింది. ఆదివారాల పని ఆయన ఆధ్వర్యంలో మొదలైంది. 3 మిల్లీమీటర్ల లినో పలకను కాసేపు ఎండలో పెట్టి మెత్తబరచి, సన్నని ఉలితో చెక్కించి, ప్రూఫు తీయిస్తున్నారు. అవిసె నూనె, బెండుపొడి కలిపి జనపనార గుడ్డ మీద పరిచి చేసిన పలక అది అని చెబితే పిల్లలు ముందుగా వాసన చూశారు.

ఆగస్టు, చివరి వారం

చెక్కిన దిమ్మలను బల్ల మీద పెట్టి, ఎవరైనా చేతితో తడిమి చూడవచ్చని రాశాం. సిరా పూర్తిగా తుడిపించాం, రేకుల అంచులు అరగదీయించాం. చూపులేని ఒక పాఠకుడు స్నేహితుని చేత పత్రిక చదివించుకోవడానికి వస్తారు. ఆయన తరగతి గది దిమ్మను వేళ్లతో మెల్లగా చూసి, బెంచీల వరుస ఎటు పోతున్నదో సరిగ్గా చెప్పారు. కాగితం మీద అది కుడి ఎడమలు మారి పడుతుందని చెబితే, అయితే తలుపు అటువైపు ఉండాలి కదా అని గోడ మీది చిత్రం వైపు చేయి చూపించారు. అది సరైన చోటే. చెక్కిన దిమ్మను కూడా చిత్రంతోపాటు ఇమ్మని ఇకపై ప్రతి కళాకారుణ్ణీ అడగాలి.

సెప్టెంబరు, మూడో వారం

స్త్రీల రాక తక్కువగా ఉంది. గ్రంథాలయం తెరిచే రెండు పూటలూ ఇంట్లో వంట పని ముమ్మరంగా ఉండే వేళలే. గ్రంథాలయాధికారి అనుమతితో మధ్యాహ్నం తలుపులు తెరిచి, పొదుపు సంఘం సమావేశాన్ని ఒకసారి ఇక్కడే పెట్టుకొమ్మని కోరాం.

వచ్చినవారిలో ఒకామె బల్ల మీది దిమ్మను చేతిలోకి తీసుకుని, "మా పుట్టింటి వైపు పెడనలో చీరలకు అద్దే బ్లాకు ఇట్లానే ఉంటది" అన్నారు. అక్కడి టేకు దిమ్మల గురించీ, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మ ఎందుకు కావాలో ఆమె మిగతావారికి వివరించారు. మూడు రంగుల లినోకట్‌కు మూడు పలకలు ఎందుకు చెక్కారో నేను చెప్పవలసిన అవసరమే రాలేదు.

ఎక్కువసేపు మాట నిలిచింది తల్లి చేతుల ఎచింగ్‌ల దగ్గర. మాత్రల అట్టలను చూసి బీపీ, షుగరు మాత్రల పేర్లు చెప్పుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం చేతులనే చూస్తూ, "ఈవిడ ఎడంచేతి వాటం మనిషే, ఆ చేతి వేళ్లే ఎక్కువ అరిగినయ్" అన్నారు. మరొకామె, అచ్చులో కుడి ఎడమలు మారతాయి గనుక అది కుడిచేయే అయివుంటుందని సరిదిద్దారు. చిత్రాన్ని గీత గీతగా చదవడం అంటే ఇదే, ఇంతకన్నా మంచి విమర్శ నేను ఏ ప్రదర్శన ప్రారంభోత్సవంలోనూ వినలేదు.

నల్లటి కొలాగ్రాఫ్ సంగతి. పత్రికల బల్లకు ఎదురుగా పెట్టినా ఇన్నాళ్లూ దాని ముందు ఎవరూ ఆగలేదు. దాన్ని మార్చలేదు, దాని వివరణకు ఒక్క మాటా అదనంగా చేర్చలేదు. ఈ వారం మార్కెట్ యార్డులో హమాలీగా పనిచేసే ఒకాయన, కొడుకు పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చి, దూరం నుంచే "ఇది బస్తా కదా" అన్నారు. దగ్గరికి వెళ్లి, నేను చుక్కలనుకుంటున్న తెల్లటి మచ్చలను చూపించి, అవి కొక్కెం దిగిన చోట్లన్నారు. ఆయన చెప్పింది నిజం. గోనె గుడ్డను అట్టకు అంటించి, గట్టిపరచి, సిరా పూసి తీసిన ముద్ర అది. పక్కనే చదువుకుంటున్న అమ్మాయి ఒప్పుకోలేదు, తనకది కరెంటు పోయిన రాత్రి ఊరిలాగే ఉందన్నది. బస్తా అయినంత మాత్రాన రాత్రి కాకూడదా అని ఆమె వాదన. ఆ తర్వాతి రోజుల్లో ఆ చిత్రం ముందు ఆగేవారు పెరిగారు, కొందరు కొక్కెం కోసమే చూశారు, కొందరు ఊరి కోసం.

అక్టోబరు, చివరి వారం

చిత్రాలను ఎరువిచ్చే పద్ధతి, అంటే కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని తిరిగి ఇమ్మని ఇచ్చే పద్ధతి, మొదలైంది. జర్మనీలో ఆర్టోథెక్ అని పిలిచే ఏర్పాట్ల ద్వారా, చాలా చోట్ల గ్రంథాలయాల నుంచే, అసలు చిత్రాలను ఇంటికి తీసుకెళ్లవచ్చు. అదే పద్ధతిని ఇక్కడ గ్రంథాలయ సభ్యత్వ కార్డు మీద నడుపుతున్నాం. గడువు 30 రోజులు, డిపాజిట్ లేదు, చిత్రం పాడైతే ఆ నష్టాన్ని ప్రాజెక్టు నిధి భరిస్తుంది. దీనికి కళాకారులందరూ ముందే రాసి ఇచ్చారు, ప్రతి ఎరువుకూ వారికి చిన్న రుసుము చెల్లిస్తున్నాం.

పటం కొలతను ఇళ్లు చూసి నిర్ణయించాం. దాదాపు ప్రతి ఇంట్లోనూ క్యాలెండర్ మేకు ఒకటి ఉంటుంది, అద్దె ఇంట్లో కొత్త మేకు కొడితే యజమాని ఒప్పుకోడు. కాబట్టి ఆ ఒక్క మేకు మోయగలిగేంత బరువు, క్యాలెండర్ వెడల్పుకు మించని చట్రం మాత్రమే ఎరువు చిత్రాలకు వాడుతున్నాం. తిరిగి ఇచ్చేటప్పుడు, చిత్రాన్ని ఎక్కడ పెట్టారు, ఇంట్లోవారు ఏమన్నారు అని రిజిస్టరులో రాయమని అడుగుతున్నాం. టీవీ పక్కన, ఫ్రిజ్ ఎదురుగా, బట్టలు కుట్టే మిషను మీద అని రాశారు. చేతుల ఎచింగ్‌ను ఒక ఇంటివారు గడువు పూర్తికాకముందే తెచ్చి ఇచ్చారు, ముఖం లేని చేతులు ఇంట్లో ఉండడం మంచిది కాదని అత్తగారు అన్నారట. తరగతి గది లినోకట్‌ను బదులుగా తీసుకెళ్లారు. ఒక చిత్రాన్ని ఇంట్లో ఉంచుకోవాలా వద్దా అని కుటుంబం కూర్చుని మాట్లాడుకున్నదంటే ఆ చిత్రం ఆ ఇంటిలోకి నిజంగా వెళ్లినట్టే, కాబట్టి ఈ తిరస్కారాన్ని కూడా రిజిస్టరులో ఎరువు కిందే లెక్క వేశాను.

నవంబరు, రెండో వారం

తరువాతి చోటు దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు. పసుపు రాక ఊపందుకునే రోజుల్లో రైతులు వేలం కోసం గంటల తరబడి అక్కడ ఎదురుచూస్తారు, కూర్చునే షెడ్డుకు పొడవాటి గోడ ఉంది. అడ్డంకి పసుపు ధూళి. అది చట్రం సందుల్లోంచి దూరి కాగితాన్ని శాశ్వతంగా పచ్చబరుస్తుంది. పటాలకు వెనుకవైపు టేపు వేసి పూర్తిగా మూయించడం ఒక దారి, ఖర్చు ఎక్కువ. కాకుల చిత్రకారుడు ఇంకో దారి సూచించాడు. యార్డు కోసమే కొత్త దిమ్మలు చెక్కి, అంకెలు వేయకుండా కావలసినన్ని ప్రతులు తీసి, సినిమా పోస్టర్లలాగే మైదా జిగురుతో గోడకు అంటించేద్దామనీ, పచ్చబడినవి పచ్చబడనిద్దామనీ, కావాలన్నవారు ఒక ప్రతి పట్టుకెళ్లవచ్చనీ అన్నాడు. నాకు రెండో దారే బాగుందనిపిస్తున్నది. మార్కెట్ కమిటీకి ఉత్తరం రాశాం. జవాబు వచ్చేలోగా బాబాయి గారు పాత అచ్చాఫీసు ఒకదానిలో మూలపడి ఉన్న ప్రూఫు ప్రెస్సును చూసి వచ్చారు. రోలర్లు మార్పిస్తే పనిచేస్తుందట. ధర మాట్లాడడానికి సోమవారం ఇద్దరం వెళుతున్నాం.